గుంతలో పూలదారం

"బకెట్ నీళ్లు పొయ్యి బిడ్డా, చూద్దాం," అన్నాడు పంపులు బాగుచేసే లచ్చయ్య.

రాధిక నీళ్లు పోసుకునే మోరి పక్కనున్న గుంతలో నీళ్లు గుమ్మరించింది. అడుగునున్న పంపు గుర్రుమంది. అంతే. వీధి కాలువలోకి పెట్టిన పైపులోంచి చుక్క పడలేదు.

"ఇగో, ఇదే గుర్తు. సప్పుడు వస్తది, నీళ్లు రావు. వానలు పడ్డంక చూస్తే ఏం ఫాయిదా? ముందుగాల్నే చూసుకోవాలె." లచ్చయ్య ప్లగ్గు పీకి, పంపును పైకి లాగాడు. "పోయినేడు గిట్లనే..." అనబోయి నాలుక కరుచుకున్నాడు.

గుమ్మంలో కూర్చున్న గంగవ్వ ఆ మాట వదల్లేదు. "పూర్తిగ అనవయ్యా. దాచేదేమున్నది? ఊరందరికి ఎరుకే."

ముంబై కామాటిపురాలో రోడ్డు వేసిన ప్రతిసారీ పాత రోడ్డు మీదే వేశారు. రోడ్డు పైకి లేచింది, చాల్ కింది అంతస్తు గదులు, ఖోలీలు, లోతుకు పోయాయి. గంగవ్వ ఇంట్లోకి రావాలంటే ఇప్పుడు మెట్లు దిగాలి. వానాకాలం ఊట నీళ్లు, వీధి నీళ్లు ఆ గుంతలోకే చేరతాయి. వాటిని బయటికి తోసే ఈ చిన్న పంపే ఇంటికి కాపలా. పోయినేడు జోరు వానలో అది ఎత్తలేదు. గంగవ్వ భర్త కిష్టయ్యకు పక్షవాతం. కోడలు కూడా వంటపనికి పోయింది, మధ్యాహ్నం ఇంట్లో ఒక్కడే ఉన్నాడు. నీళ్లు మంచం దాటాయి.

నీళ్లు దిగాక పంపు విప్పింది లచ్చయ్యే. లోపలి రెక్కకు బిగుసుకుపోయిన దండ దారాన్ని అందరికీ చూపించిందీ అతనే. దేవుడి మీంచి తీసిన పూలు కాళ్ల కింద పడకూడదు, నీళ్లలోనే కలపాలి. పూలసంచి మోసుకుని వర్లి సముద్రం దాకా పోవడం కోడలు రాధిక వంతు. వానకు బద్ధకించి ఇంట్లో గుంతలోనే కలిపిందని గంగవ్వ ఆనాడే తేల్చేసింది. రాధిక అవుననలేదు, కాదనలేదు.

లచ్చయ్య పంపు విప్పాడు. ఈసారి దారం లేదు. రెక్క చుట్టూ బురద పేరుకుంది. గీకి, కడిగి, మళ్లీ బిగించాడు.

"ఇగ దీని మీద జాలీ పెడుతున్న. పువ్వు కాదు, ఆకు సుత పోదు. వదినె, నీ నోటికి సుత ఒక జాలీ పెట్టాల్నా? ఏడాది సంది ఆ పిల్లను ఒక్క తీరుగ తింటున్నవ్."

"పెట్టు. తిట్టకుంటే ఏడుపొస్తది నాకు. తిట్టుకుంటనే బతుకుతున్న."

లచ్చయ్య జాలీ బిగించి, పంపును గుంతలోకి దించాడు.

"కాకా, వైరుకు వేలాడే ఈ బుడ్డి ఎందుకు?" అడిగింది రాధిక, మాట మళ్లించడానికి.

"నీళ్లు నిండితే అది పైకి తేలుతది. అది తేలితేనే మోటర్ సురూ. వైరుకో గోడకో తట్టుకుంటే మోటర్ నిద్రపోయినట్టే. ఎడం పెట్టి చూసుకో."

"నేర్చుకొని ఏం చేస్తది?" గంగవ్వ మూలన నిలబడ్డ కొడుకు వైపు తిరిగింది. "గణేష్, నేను చెప్పింది చెప్పినవా?"

గణేష్ ఏడాదిగా భార్య మొహంలోకి సరిగ్గా చూడలేదు. ఇప్పుడూ గోడతోనే మాట్లాడాడు. "వానలయ్యేదాక వర్లిల మీ అవ్వగారింట్ల ఉండు."

"వానలయినంక?" అంది రాధిక.

గణేష్ గోడ పెచ్చును గోటితో గీకాడు.

"అయ్యో, గిదేం పంచాయితీ!" లచ్చయ్య లేచి నిలబడ్డాడు. "వదినె, పంపు పాతది. దారం లేకున్నా ఆగుతుండెనేమో."

"దారం పడకుంటే ఆగకపోతుండె." గంగవ్వ గోడ మీది భర్త ఫోటో తెచ్చి కోడలి ముందు పెట్టింది. "ఆ దినం పొద్దుగాల్నే నేను ఆకుకూరల గంపతోని ఫాక్‌లాండ్ రోడ్‌కు పోయిన. వీడు డ్యూటీకి పోయిండు. ఇంట్ల మంచంల ఆయన, నువ్వు. నువ్వు కాదంటే ఈయన మీద చెయ్యి పెట్టి చెప్పు. నేను నీ కాళ్లు మొక్కుత. ఈ ఇల్లు నీదే, నేనే పోత."

గణేష్ మొదటిసారి భార్య కళ్లలోకి చూశాడు. కాదను, ఒక్కసారి కాదను అన్నట్టుంది ఆ చూపు.

రాధిక ఫోటో వైపు చూసింది. చెయ్యి ఎత్తింది. మెల్లగా దించేసింది.

"నేనే వేసిన అత్తా."

గంగవ్వ ఫోటోను కొంగుతో తుడిచి గుండెకు హత్తుకుంది. "విన్నవా? నువ్వు పోవాల్సినోనివి కాదయ్యా. నీ తప్పు ఇంత సుత లేదు. ఈమె కొట్టింది మన నోట్ల మన్ను," అంటూ ఏడ్చింది. చాన్నాళ్ల తర్వాత తిట్టకుండా ఏడ్చింది.

రాధిక బట్టల సంచీ తీసుకుంది. మెట్ల దగ్గర ఆగి, గణేష్‌తో మెల్లగా అంది, "వారానికొకపారి బకెట్ నీళ్లు పోసి చూడు. బయట పైపుల నీళ్లు పడుతున్నయా లేదా చూడు. అత్త మంచం గుంతకు దూరం జరుపు."

"ఎందుకు చేసినవ్ రాధికా?" అన్నాడు గణేష్.

ఆమె మెట్లెక్కి రోడ్డు మీదికి వచ్చింది. ఫోరస్ రోడ్ మలుపు తిరిగేసరికి చినుకులు మొదలయ్యాయి. బస్టాపులో కూర్చుని సంచీని ఒడిలోకి లాక్కుంది. ఆనాడు పొద్దున వంటపనికి బయల్దేరుతుంటే, మామ గోడ పట్టుకుని మంచం మీదికి చేరుతూ, వంకరపోయిన నోటితో నవ్వుతూ చెప్పిన మాట వానలో మళ్లీ వినపడింది.

"గింత వానల నువ్వేం పోతవ్ బిడ్డా, పూలు నేనే గుంతల కలిపేసిన."