కొత్త నూనె

“నాన్నా, బండి కింద నిద్రపోయావా ఏంటి?” ఘూమా వంగి చూశాడు.

“ఇంజన్ వేడిమీద ఉండగానే పాత నూనె దించాలిరా. చివరి చుక్కదాకా కారనీ. అంత తొందరగా ఉంటే నడిచి పో,” అన్నాడు అమూద్ కిందినుంచి.

“నడిచి వెళ్తే బంగారం దొరుకుతుందా?”

“బండెక్కి వెళ్ళినవాళ్ళకి ఏం దొరికింది?”

దక్షిణాన ఇసుకలో బంగారం తవ్వడానికి ఊళ్ళో కుర్రాళ్ళు వరసగా పోతున్నారు. కొందరు దగ్గుతూ తిరిగొచ్చారు. కొందరు రానేలేదు. ఇంట్లో చాలా రోజులుగా ఇదే గొడవ. ఒక్కగానొక్క కొడుకుని ఆ గోతుల్లోకి పంపనని తండ్రి, వెళ్ళి తీరుతానని కొడుకు. అలాంటిది ఈవేళ తెల్లవారి నమాజు కాగానే అమూదే పనిముట్ల సంచి తెచ్చుకుని బండి దగ్గర కూర్చున్నాడు.

భార్య దస్సీన్ నిర్ఘాంతపోయింది. “నువ్వే సాగనంపుతున్నావా?”

“నేను ఆపితే ఆగుతాడా? కనీసం బండి చూడనీ.”

అమూద్ బండి కిందినుంచి పాకుతూ బయటికి వచ్చాడు. ఆ ఎడారి తెగలో మగవాళ్ళు ఎవరెదుటా తియ్యని తలపాగా ముసుగు కళ్ళదాకా ఉంది. మోచేతులదాకా నల్లటి మడ్డి. డబ్బా మూత తీసి కొత్త నూనె ఇంజన్‌లోకి వంచాడు.

“తేనెలా ఉంది,” అన్నాడు ఘూమా.

“ఇనుముకీ ఇనుముకీ మధ్య అడ్డం నిలబడేది ఇదే. ఇది లేకపోతే లోపల ఒకదాన్నొకటి కొరుక్కుని అతుక్కుపోతాయి. ఆ తర్వాత ఏ మెకానిక్కూ ఏం చెయ్యలేడు.”

“నూనె ఎంతుందో చూపే ముల్లు పనిచెయ్యడం లేదు నాన్నా.”

“అది చచ్చి ఏళ్ళయింది. ముల్లుని చూసుకునే నడిపానా ఇన్నాళ్ళూ?”

తొలి కాన్పుకి పుట్టింటికొచ్చిన లల్లా నిండు పొట్టతో గుమ్మం పట్టుకుని నిలబడింది. “అన్నా, వచ్చేటప్పుడు నీ మేనల్లుడికి బంగారు ఉయ్యాల తేవాలి.”

“మేనకోడలైతే?”

“ఉయ్యాల అక్కర్లేదు. నువ్వే ఎత్తుకుని ఊపుదువుగాని.”

ఘూమా పకపకా నవ్వాడు. అమూద్ నవ్వలేదు. రెండు నీళ్ళ డ్రమ్ములు తనే మోసుకొచ్చి బండి వెనక పెట్టాడు.

“దారిలో బండి ఆగిందనుకో, వదిలి నడవకు. దాని నీడలోనే కూర్చో. నేనొస్తాను.”

“కొత్త నూనె పోశాక ఎందుకాగుతుంది?”

“చెప్పింది విను. మన ఊరి డ్రైవర్ ఉస్మాన్‌ని లారీ తీసుకుని దక్షిణం దారిలో మొదటి బావి దగ్గర ఉండమన్నాను. పొద్దున్నే వెళ్ళాడు.”

“నేనేమన్నా చంటిపిల్లాణ్ణా?”

“నా కళ్ళకి అంతే.”

ఘూమా తండ్రి చెయ్యి పట్టుకున్నాడు. మడ్డి తన అరచేతికి అంటినా వదల్లేదు. “కోపం పోయిందా నాన్నా?”

అమూద్ ముసుగు ఇంకొంచెం పైకి లాక్కున్నాడు. “వెళ్ళేవాడి మీద కోపమేమిటి? నువ్వు వెళ్తుంటే మాత్రం చూడలేను. మసీదులో ఉంటాను.”

మధ్యాహ్నం దాటాక చేసే నమాజు అయింది. జనం ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. అమూద్ మాత్రం కదల్లేదు. నుదురు చాపకి ఆనించి, “నా బిడ్డని నాకు తిప్పి పంపు” అని అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నాడు. ఇలా అడగవచ్చా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. అడగడం ఆపలేకపోయాడు. దూరంగా బండి శబ్దం వినిపించింది. మెత్తగా, ఏ రొదా లేకుండా సాగి సాగి సన్నగిల్లింది.

పొద్దువాలాక ఇంటికొచ్చాడు. గుమ్మంలో టీ కాస్తూ ఘూమా కూర్చుని ఉన్నాడు.

అమూద్ వాకిట్లోనే ఆగిపోయాడు. “నువ్వు... వెళ్ళలేదా?”

“వెళ్ళను నాన్నా. వద్దువద్దంటూనే పొద్దుట్నుంచీ నాకోసం మట్టిలో పొర్లావు. అది చూశాక కాళ్ళాడలేదు. ఇంక ఆ మాట ఎత్తను.”

అమూద్ ముసుగు కిందికి లాగేశాడు. కొడుకు ఎదుట అతడు ముఖం చూపడం అదే మొదటిసారి. చెంపలు తడిగా ఉన్నాయి. కొడుకుని గుండెకి హత్తుకుని, “విన్నాడురా, దేవుడు నా మాట విన్నాడు” అన్నాడు. కాసేపటికి అటూ ఇటూ చూశాడు. “ఇల్లేంటి ఇంత చప్పుడు లేకుండా ఉంది? మీ అమ్మేది?”

“చెల్లికి నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగింది, తమన్రాసెట్ పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిందేనంది మంత్రసాని. అమ్మ తన తమ్ముణ్ణి పిలిచింది, మామే బండి తీశాడు. అమ్మా ఎక్కింది.”

“మన బండా?”

“ఊళ్ళో ఇంకేముంది? లారీని నువ్వే పంపేశావుగా. నేను నడుపుతానంటే మామ ఒప్పుకోలేదు, నీ బుర్ర ఇంకా బంగారంలోనే ఉందన్నాడు. పరుపుకి చోటు చాలక నీళ్ళ డ్రమ్ములు కూడా దించేశాం.”

“నాకు... నాకెందుకు చెప్పలేదురా?”

“మసీదుకొచ్చాను నాన్నా. నేలకి తల ఆనించి ఉన్నావు. కదిలించబుద్ధి కాలేదు.”

అమూద్ ఇసుకలో కూలబడ్డాడు. ఉత్తరాన తమన్రాసెట్ దారి చీకట్లో కలిసిపోతోంది. తెల్లారేదాకా ఆ దారిన మనిషి ఉండడు, ఫోను పలకదు.

ఘూమా టీ గ్లాసు తెచ్చి తండ్రి చేతిలో పెట్టాడు. “ఎందుకంత కంగారు? నువ్వు నీ చేత్తో చూసిన బండి. ఆగదు.”

అడుగున నూనె దించే బోల్టును అమూద్ కావాలనే గట్టిగా బిగించలేదు.