కిర్రుమనే పలక

రాజనర్సు, సుమిత్ర పడుకునే మేడ మీది అర్రలో నేలంతా పాత టేకు పలకలే. వడ్రంగం పనికి వచ్చిన వడ్లాయన వాటిని గీకి, అవిసె నూనె రుద్దాడు. తలుపు ముందరి పలక అడుగు పడగానే కిర్రుమంది.

"గా పలకకు మేకులు కొట్టు. పాపం, సుమిత్రకు నిద్ర పడ్తలేదు," అని చెప్పి రాజనర్సు పాలిష్ తేవడానికి బజారుకు వెళ్లాడు.

వడ్లాయన సుత్తె ఎత్తేసరికి సుమిత్ర వచ్చి ఆ పలక మీదే కూర్చుంది.

"లే అక్కా. పెండ్లాం నిద్రకు గింత ఫికర్ జేసే మొగడు కోరుట్ల దాకా దేవులాడినా దొరుకడు."

"కొట్టకు తమ్మీ. సాంచాల మీద బట్ట నేసే పని బందైనంక మీ అన్న రెండుసార్లు రాత్రిపూట తాడు పట్టుకొని బయటికి పోబోయిండు. గీ సప్పుడుకే లేసి ఆపిన."

వడ్లాయన మేకులు సంచిలో వేసుకున్నాడు. "అన్న అడిగితే?"

"చెక్క పాతది, మేకు దిగుతలేదని చెప్పు."

సుమిత్ర లేచి పలక మీద అడుగేసి చూసింది. కిర్రుమంది.