గంగాధరరావు తెచ్చిన బేరాలు

"గోడ గట్టిదేనండి. కాకపోతే ఈదిపోటుంది," అన్నాడు గంగాధరరావు, ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లు అడక్కుండానే.

కిటికీలోంచి సముద్రం చూస్తున్న పెద్దాయన చటుక్కున వెనక్కి తిరిగాడు. ఎదురు వీధి సూటిగా గుమ్మం దాకా వచ్చి ఆగడం అప్పుడు గమనించాడు. ఇంక లోపలి గది చూడలేదు. భార్యని పిలుచుకుని చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.

నాగశ్రీ రెండు టీ గ్లాసులతో అలాగే నిలబడిపోయింది.

"అదెందుకు చెప్పారు బాబాయ్?"

"దాసితే దాగేదేటమ్మా? రేపు సూసుకుని నన్నే తిడతారు." గంగాధరరావు ఒక గ్లాసు తాగేసి, రెండోదీ అందుకున్నాడు. "బ్రోకరన్నాక నమ్మకముండాల. నాను అలాగే యాపారం సేత్తన్నాను."

ఫిషింగ్ హార్బర్‌కి ఎగువన ఉన్న ఆ రెండు గదుల ఇల్లు నాగశ్రీ తండ్రిది. పోర్టులో పనికని గోదావరి వైపు నుంచి వచ్చి కట్టుకున్నాడు. ఆయన పోయాక అక్కకీ, తమ్ముడికీ చెరిసగం వచ్చింది. నాగశ్రీ, భర్త, మూడేళ్ల పాప అందులోనే ఉంటున్నారు. తమ్ముడు చంటి గాజువాకలో అద్దెకుంటాడు. అతని భార్య శ్రీసత్య ఆనందపురం దగ్గర ఒక స్థలం చూసి పెట్టుకుంది. ఇల్లమ్మితే తప్ప అది కొనలేరు. చంటి వెతికి వెతికి ఈ బ్రోకర్ని కుదిర్చాడు.

నాగశ్రీకి ఇల్లమ్మడం ఇష్టం లేదు. ఇంతకుముందు అద్దె ఇంట్లో పాప ఏడిస్తే చాలు, ఓనరు తలుపు కొట్టేవాడు. పాప నోటికి కొంగు అడ్డంపెట్టి కూర్చున్న రోజులున్నాయి. ఇక్కడ ఎంత ఏడ్చినా అడిగేవాడు లేడు. కానీ తల్లి లేని చంటిని చంకనేసుకుని పెంచింది తనే. వాడికి కావలసిన దానికి తను అడ్డంపడుతుందా? అందుకే వాడు మాట ఎత్తగానే, "అమ్మేయరా, ఈ ఉప్పుగాలి నాకూ విసుగొచ్చింది," అని నవ్వేసింది.

ఆదివారం చంటి, శ్రీసత్య వచ్చారు.

"ఇంకా అవలేదేటి? నీ బ్రోకరు నిద్దరోతన్నాడా?" అంది శ్రీసత్య, భర్త కంచంలో అన్నం వడ్డిస్తూ.

"నేనూ అదే అంటున్నాను. ఫోన్ చేసినప్పుడల్లా తిడుతూనే ఉన్నాను," అన్నాడు చంటి తలెత్తకుండా.

"అందరికీ వంకలే చెప్తున్నాడు సత్యా," అంది నాగశ్రీ. " తుపానొస్తే గదిలోకి నీళ్లొస్తాయని ఒకాయనతో అన్నాడు. నేను పుట్టాక ఎప్పుడూ రాలేదు."

"ఇంకా తెలీలేదా వదినా? మనం విసిగిపోయి రేటు దించితే ఎవరి పేరు మీదో ఆడే కొనేస్తాడు."

చంటికి పొలమారింది. నాగశ్రీ వాడి మాడు మీద తట్టి మంచినీళ్లిచ్చింది. వాడు చిక్కిపోయినట్టు కనిపించాడు. స్థలం చెయ్యిజారిపోతుందని బెంగపెట్టుకున్నాడనుకుంది.

"ఆయన్ని మానిపించేద్దాంరా."

"వద్దక్కా," అన్నాడు చంటి గబుక్కున. "మాటిచ్చాం కదా. మెల్లిగా అదే అవుతుంది."

"సూశావా వదినా? ఈ మెతకతనం వల్లే అద్దె ఇంట్లో పడున్నాం."

మర్నాడు నాగశ్రీ పాపని ఎత్తుకుని తనే బయల్దేరింది. ఎనిమిదో తరగతితో బడి మానేసిన మనిషి. స్టాంపు కాగితం ముట్టుకోవడానికే జంకుతుంది. అయినా కుళాయి దగ్గర, రేషన్ షాపు దగ్గర, చర్చి గేటు దగ్గర నోరు విడిచి అడిగింది. వారం తిరక్కుండా జయమణి అనే నర్సమ్మ భర్తతో వచ్చింది.

"గుమ్మానికెదురు వీధి ఉందండీ. ముందే చెప్తున్నాను," అంది నాగశ్రీ.

"మేం అవేవీ చూడమమ్మా. నీళ్లొస్తాయా?"

"అబ్బే, ఎంత తుపానొచ్చినా రావండీ."

"కుళాయిలోనమ్మా," అంది జయమణి నవ్వుతూ. నవ్వి, గోడకానుకుని ఆడుకుంటున్న పాపని చూసింది. "ఖాళీ చెయ్యడం నీకు కష్టం కాదూ?"

"లేదండీ. ఎప్పుడు కదులుతామా అని చూస్తున్నాం."

ఆ సాయంత్రమే నాగశ్రీ గాజువాక వెళ్లి చెప్పింది. శ్రీసత్య ఆమె నోట్లో పంచదార పోసింది. చంటి మాత్రం చొక్కా గుండీ తిప్పుకుంటూ నిలబడ్డాడు.

"నిజంగా నీకిష్టమేనా అక్కా?"

"ఇష్టం కాకేంట్రా? పీడా పోతుంది."

వాడు సరేనని తలూపాడు. రిజిస్ట్రారాఫీసులో సంతకం పెడుతుంటే వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. నాగశ్రీ కొంగుతో తుడిచింది. "సంతోషానికి ఎవరైనా ఏడుస్తారా, పిచ్చి సన్నాసీ," అంది. తన ఏడుపు ఇంటికెళ్లాక, పంపు తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చుకుంది.

సామాను ఆటోలోకి ఎక్కిస్తున్న రోజున గంగాధరరావు స్కూటరు మీద వచ్చాడు.

"ఏటమ్మా ఇది?"

"ఇల్లమ్మేశాం బాబాయ్. పాపం, మీరు కొందామనుకున్నారు."

"నానా? నానెందుకు కొంతానమ్మా?"

"ఎందుకో మీకే తెలియాలి. కమీషన్‌కని వస్తే మాత్రం ఇక్కడేమీ లేదు."

"కమీషన్‌కి రానేదమ్మా. అటేపెల్తా తలుపు తీసుంటే ఆగినాను." ఆయన ఆటోలోకెక్కిన మంచాన్నీ, దానిమీద కూర్చున్న పాపనీ చూశాడు. "సంటిబాబుకి తెలుసా?"

"వాడే సంతకం పెట్టాడు. వాడి కోసం కాకపోతే నేనీ గుమ్మం దిగేదాన్నా?" ఆ మాట ఆమె పైకి అనడం అదే మొదటిసారి. "అద్దె ఇల్లంటే నాకెంత భయమో మీకేం తెలుసు?"

గంగాధరరావు మెల్లిగా మెట్టుమీద కూర్చుండిపోయాడు.

"అక్కకి గూడు పోకూడదని, ఇల్లు అమ్ముడవకుండా సూడమని నన్ను పెట్టింది మీ తమ్ముడేనమ్మా."