దగ్గరి మనిషి

ఆపరేషన్ థియేటర్‌లో ఆక్సిజన్ లైను చెడిపోయిందని, బాగవడానికి పది రోజులు పడుతుందని చెప్పి ఆ తల్లీకూతుళ్లను పంపించేయమన్నాడు మేనేజరు.

పరాయి రాష్ట్రంలో, ఆల్థాన్‌లోని ఆ ప్రైవేటు ఆసుపత్రిలో తెలుగు తెలిసిన నర్సు నీరజ ఒక్కతే. అందుకే ఆ అబద్ధం చెప్పే పని ఆమె మీద పడింది. పొద్దున అదే థియేటర్‌లో రెండు కాన్పు ఆపరేషన్లు జరిగాయి. రెండింటికీ నీరజే లోపల ఉంది.

మూడో నంబరు మంచం మీద వినోద కళ్లు మూసుకొని పడుకుంది. గర్భసంచిలో గడ్డ. రెండు నెలలుగా రక్తం పోతూనే ఉంది. ఆపరేషనుకు సరేనన్న డాక్టరు, పరీక్షలో హెచ్ఐవీ అని చూడగానే మాట మార్చాడు. మరమగ్గాల సాంచెల మీద పనిచేసే భర్త అదే జబ్బుతో మూడేళ్ల కింద పోయాడని ఫైల్లో రాసుంది.

పక్కన గంగవ్వ జావ తాగిస్తోంది. వినోద సగంలో తల తిప్పుకుంటే, మిగిలిన జావ అదే గిన్నెతో తను తాగేసి, కొంగుతో ఆమె మూతి తుడిచింది. బీపీ చూడటానికి కూడా రెండు జతల గ్లవుజులు వేసుకొచ్చిన నీరజ ఆ గిన్నె వంక చూసింది. కన్నతల్లి కదా, అనుకుంది.

చెప్పమన్నది చెప్పింది. గంగవ్వ కోపం చేయలేదు. గిన్నె కింద పెట్టి, నీరజను కూర్చోమంది.

"మొదలు గూడ గిట్లనే నాలుగు దవాఖాన్లు తిప్పిండ్రు బిడ్డా. ఒక్కలు మిషిన్ ఖరాబయిందన్నరు, ఒక్కలు డాక్టర్ లేడన్నరు. అన్నీ నిజమే అనుకొని వాపసొచ్చిన. గీసారి పోను."

కరోనా రోజులు, ఎవరూ ఏమీ చేయలేరని నీరజ నచ్చజెప్పబోయింది. వినోద కళ్లు తెరవకుండానే ఇంటికి పోదామంది. వడోద్‌లో తాము అద్దెకుంటున్న గదిలోనే పడుంటానంది. గంగవ్వ ఆమె నుదుటి మీద చెయ్యి వేసి నీరజనే చూసింది.

"కరోనా వచ్చినోళ్లను ఆ తెల్ల కిట్లు తొడుక్కొని ముట్టుకుంటున్నరు గదా. అవే తొడుక్కొని నా బిడ్డను ముట్టుకుంటే ఏమైతది?"

ఏప్రిల్, మే రెండు నెలలూ ఆ కిట్లలోనే ఉడికిపోయిన నీరజ లేచి నేరుగా డాక్టరు గదికి పోయింది.

లైను బాగానే ఉందన్న సంగతి ఆయన దాచలేదు. తను చేయడానికి సిద్ధమేనట. పక్కన నిలబడమంటే మాత్రం అడిగిన ప్రతివాళ్లూ సెలవు పెడతామంటున్నారట. ఒంటరిగా ఎలా కోయాలని ఆయనే ఎదురు అడిగాడు. కిమ్ అనే ఊళ్లో తన అమ్మ దగ్గరున్న రెండేళ్ల కూతురు నీరజ కళ్లముందు మెదిలింది.

"నేను నిలబడతాను" అంది.

మర్నాడు పొద్దున ఒప్పుకోలు కాగితం మీద, పేషెంటుకు ఏమవుతారని నీరజ అడిగినప్పుడు గంగవ్వ వినోద వైపు చూసింది. "అవ్వ అని రాసుకో" అంది. నీరజ 'తల్లి' అని రాశాక వేలిముద్ర వేసింది.

ఆపరేషనుకు రెండు గంటలు పట్టింది. మొదట్లో నీరజ ఒక్కో పరికరం అందించాక గ్లవుజులు చిరిగాయేమోనని చూసుకుంది. ఆ తర్వాత భయపడే తీరిక దొరకలేదు. బయటికి రాగానే గంగవ్వ ఆమె రెండు చేతులూ పట్టుకొని కళ్లకద్దుకుంది.

అయిదు రోజులు గంగవ్వ మంచం పక్కనే ఉంది. మాసిన బట్టలు ఉతికింది. తల దువ్వింది. వేళ తప్పకుండా మందుబిళ్ల మింగించింది. రెండో రోజు నుంచి నీరజ ఒక్క జత గ్లవుజులతోనే కట్టు మార్చింది. నాలుగో రోజు వట్టి చేతులతో వినోదకు జడ వేసింది.

డిశ్చార్జి నాడు గంగవ్వ ఆటో కోసం కిందికి పోయింది. వినోద మెల్లగా లేచి కూర్చుంది. కాగితాలు సర్దుతూ నీరజ, ఆ నాలుగు ఆసుపత్రుల్లో తిప్పింది కూడా ఈ గడ్డకేనా అని అడిగింది.

"నన్ను గాదు, జమునను తిప్పిండ్రు" అంది వినోద. "అవ్వ కన్నబిడ్డ. ఆమెకు గూడ గడ్డ, ఇదే హెచ్ఐవీ. ఎవ్వరు ఆపరేషన్ చెయ్యలే. వాపసొస్తుంటే ఆటోలనే పానం పోయింది."

జమున అంటే మీ అక్కా అని నీరజ అడిగింది.

వినోద తల అడ్డంగా ఊపింది. గంగవ్వ వస్తోందేమోనని తలుపు వైపు చూసి, గొంతు తగ్గించింది.

"జమున మీదికి సవతిగ వచ్చినదాన్ని నేను."