బంపర్ మీద వలయాలు

"తాళం ఇలా ఇవ్వు నాన్నా."

కూతురు చెయ్యి చాపింది. తండ్రి కారు తాళాన్ని చొక్కా జేబులోంచి తీసి, పంట్లాం జేబులో ఇంకాస్త లోతుగా దాచుకున్నాడు. ఇద్దరి మధ్యా కారు ఉంది. దాని ముందు బంపర్ మీద అరచెయ్యంత పగులు ఉంది.

"దేనికి గుద్దావో చెప్పు. తాళం అడగను."

"నేను దేనికీ గుద్దలేదు."

"మరి దానంతటదే పగిలిందా?"

"ఎవడో తగిలించి పోయుంటాడు."

"కారు ప్రహరీ లోపల, గేటుకు తాళం. ఎవడొస్తాడు? గుద్దింది నువ్వే, గుర్తు లేదంతే. నా భయం పగులు గురించి కాదు నాన్నా. రేపు అడ్డం వచ్చేది మనిషైతే? సరే, నిన్న ఏం కూర తిన్నావో చెప్పు."

"మీ అమ్మ వంట గుర్తుండకపోవడం జబ్బు కాదే, అదృష్టం."

కూతురు నవ్వలేదు. గుమ్మంలో నిలబడి ఉన్న తల్లివైపు తిరిగింది. "నువ్వైనా చెప్పమ్మా. ఎప్పుడూ పక్క సీట్లో నువ్వేగా ఉండేది."

"గోడకేమైనా రాసుకుందేమో," అంది తల్లి, నేలవైపు చూస్తూ.

"విన్నావుగా. సాయంత్రం నేను బయల్దేరేలోగా ఏ గోడో గుర్తు తెచ్చుకో. లేదంటే తాళం నాతో వస్తుంది." కూతురు ఆఫీసు పని చూసుకోవడానికి మేడమీదికి వెళ్ళిపోయింది.

నోటితో నిరూపించలేనిది చేత్తోనైనా నిరూపించాలనుకున్నాడు తండ్రి. ఉద్యోగం చేసినంత కాలం బస్సులకు ఫైబర్ భాగాలు అచ్చుపోసిన మనిషి ఆయన. ఈ బంపర్ కూడా ఆయన చేతిదే. దాన్ని ఊడదీసి, వసారాలో పాత దుప్పటి పరిచి, దానిమీద బోర్లా పెట్టాడు. ఫైబర్‌కు బలం వెనక నుంచి వస్తుంది కనుక అతుకు కూడా వెనక నుంచే పడాలి. పగులు ఇంకా పాకకుండా దాని రెండు కొసల్లోనూ సన్నటి రంధ్రాలు వేశాడు. తరవాత గ్రైండర్‌తో లోపలి పొరను పలచగా అరగదీశాడు. తెల్లటి దుమ్ము లేచి ఆయన కనుబొమల మీద వాలింది.

భార్య ముక్కాలి పీట తెచ్చుకుని పక్కన కూర్చుంది. "ముక్కుకు గుడ్డ కట్టుకోండి."

"ఈ దుమ్ము తింటూనే పిల్లను పెంచాను."

"దానికి ఆ మొండితనం ఎక్కణ్ణించి వచ్చిందో ఇప్పుడర్థమైంది."

కప్పులో రెజిన్ జిగురు పోసి, అది గట్టిపడేందుకు చుక్కలు చుక్కలుగా హార్డ్‌నర్ కలిపాడు. హార్డ్‌నర్ ఎక్కువైతే రెజిన్ కప్పులోనే సలసలా కాగి గడ్డకడుతుంది. తక్కువైతే మర్నాటికీ జిగటగానే ఉండిపోతుంది. ఆయన చెయ్యి తడబడలేదు. గాజునారతో చేసిన ఫైబర్ మ్యాట్ ముక్కలు పగులు మీద పరిచి, రెజిన్‌తో గాలిబుడగ ఒక్కటీ మిగలకుండా కుంచెతో పొడిచి పొడిచి తడిపాడు.

"చూడవే. మతిపోయినవాడు ఇలా కలపగలడా?"

"మీ చేతుల్ని ఎవరూ ఏమీ అనలేదండి," అంది ఆమె.

అతుకు గట్టిపడ్డాక బంపర్‌ను తిరగేశాడు. ముందువైపు కూడా సరిచేయాలి. గరుకు కాగితాన్ని నీళ్ళలో ముంచి రుద్దుతుంటే పైనున్న మట్టి పోయి, దాని కింద ఉన్నది బయటపడింది. ఆయన చెయ్యి ఆగిపోయింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ వంగాడు. చాలాసేపటికి తల ఎత్తినప్పుడు ఆయన ముఖంలో, పొద్దుటినుంచి లేని వెలుగు ఉంది.

"ఇలా రా. ఇది చూడు."

పగులు మధ్యలో గుండ్రటి చిన్న నొక్కు ఉంది. దాని చుట్టూ ఒకదాని వెలుపల ఒకటిగా సన్నటి వలయాలు ఉన్నాయి.

"గోడకు రాసుకుంటే రంగు చారలుగా లేచిపోవాలి. లేచిందా? స్తంభానికి గుద్దితే బిగింపుల దగ్గర చీలాలి. చీలిందా? దెబ్బంతా ఒక్కచోటే పడింది. ఆగి ఉన్న కారును ఎవరో సుత్తితో కొట్టారు. నేను గుద్దలేదు. నా బుర్రకేమీ కాలేదు."

భార్య ఆ వలయాలను చూస్తూ ఉండిపోయింది. ఆయన ఆలోచన మాత్రం ఆగలేదు. గేటుకు తాళం ఉంది. నిన్న పొద్దున లేని పగులు, ఈ పొద్దున కూతురు వచ్చేసరికే ఉంది. ఇంట్లో ఉన్నది తామిద్దరే. ఒకరిని తీసేస్తే మిగిలేది ఒకరే.

"నువ్వా?"

ఆమె కొంగుతో ఆ వలయాల మీది తడి తుడిచింది.

"కారు నడపొద్దని నువ్వే నన్నడిగితే ఇచ్చేవాణ్ణి కదే తాళం. నాకు నేనే పిచ్చివాణ్ణనుకునేలా చేయాలా? పొద్దుటినుంచి ఆ గోడ ఎక్కడుందా అని బుర్ర బద్దలుకొట్టుకుంటున్నాను." ఆయన మెట్లవైపు తిరిగి గొంతెత్తాడు. "అమ్మాయ్, ఒకసారి కిందికి రా. మీ అమ్మ నిర్వాకం చూద్దువుగాని."

పైన కుర్చీ జరిగిన చప్పుడైంది. భార్య చప్పున లేచి, రెజిన్ అంటిన ఆయన చేతిని రెండు చేతులతోనూ పట్టుకుంది.

"దానికేం చెప్పకండి. గోడకే గుద్దానని చెప్పి తాళం ఇచ్చేయండి. దానికి అంతవరకే తెలియనివ్వండి."

"చెయ్యని తప్పు ఎందుకు ఒప్పుకోవాలి?"

కూతురు మెట్లు దిగి వస్తోంది. భార్య ఆయన చెవి దగ్గరికి వంగింది.

"నిన్న మధ్యాహ్నం, 'మన వాకిట్లో ఈ పరాయి కారేంటి' అంటూ మీరే కొట్టారండీ."