దొర యాస

అంతయ్య నోట ‘ఇస్టేషన్’ రావడం, కుర్చీల్లో ఉన్నవాళ్లు నవ్వడం, అతను చెమట తుడుచుకుంటూ బయటికి రావడం. ఆ యేడు ఉద్యోగానికి పోయి అలా రావడం అది నాలుగోసారి.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఇంకా ఏడాది తిరగలేదు. ఉర్దూ మాస్టరు దగ్గర ఏబీసీడీలు దిద్దినవాళ్లకు స్కూలు ‘ఇస్కూల్’ అవుతుంది. గుంటూరు నుంచి కొత్తగా వచ్చినవాళ్లకు ఎగ్జామ్ ‘యెగ్జాము’ అవుతుంది. నాగపూర్ వాళ్లకు జీరో ‘ఝీరో’ అవుతుంది. ఎవరిది వాళ్లకు ఇంగ్లీషే, పక్కవాడిదే నవ్వులాట. తేడా అల్లా ఒక్కటే, కుర్చీలో కూర్చున్నవాడు నవ్వొచ్చు, ఎదుట నిలబడ్డవాడు నవ్వకూడదు.

ఇంట్లో మూట కట్టి ఉంది. వచ్చే శుక్రవారం ఊరివాడు కొమురెల్లి వెంట అంతయ్య బొంబాయి మిల్లుకు పోవాలి. తల్లి బాలవ్వ ఆ మూట వైపు చూడదు. కాని రోజంతా దాని చుట్టే తిరుగుతుంది. పందొమ్మిదేళ్ల కింద ఆమె మొగుడు అలాంటి మూటే చంకన పెట్టుకుని అదే బొంబాయికి పోయాడు. ఒక్క ఉత్తరం రాశాడు. ఆ ఒక్కటే.

ఆయన పోయాక బాలవ్వ మూడేళ్ల కొడుకును తన తల్లి దగ్గర వదిలి బెల్లంపల్లి చేరింది. అక్కడి బొగ్గుబాయి తెల్లదొర బంగ్లాలో, ఆయన మూటా ముల్లె సర్దుకుని ఓడెక్కేదాకా, పదకొండేళ్లు పనిచేసింది. ఏం పని అని ఎవరైనా అడిగితే ‘బంగ్ల పని’ అనేది. అంతకు మించి ఎవరూ అడగలేదు. అంతయ్య కూడా అడగలేదు.

శుక్రవారానికి ముందు ఒక్క బుధవారం మిగిలింది. ఆసిఫాబాద్‌లో కొత్తగా పెట్టిన కలప కంపెనీకి, టెలిఫోన్లో ఇంగ్లీషు మాట్లాడే గుమాస్తా కావాలట, ఆ రోజు రమ్మన్నారు.

“నీ మాట తప్పు గాదు బిడ్డా, రాగం తప్పు. దొర గట్ల అనకపోతుండె,” అంది బాలవ్వ.

“నీకేం ఎరుక అవ్వా ఇంగ్లీషు?”

బాలవ్వ జొన్నలు విసురుతున్నదల్లా ఇసుర్రాయి ఆపింది. మెడ నిటారుగా పెట్టింది. తొందర లేకుండా, ముక్కుతో సాగదీసి, “సిట్ డౌన్, ఓల్డ్ చాప్,” అంది.

అంతయ్య తనకు తెలియకుండానే చతికిలబడ్డాడు.

ఆరు రోజులు ఆమె విసురుతూ చెప్పింది, అతను ఎదురుగా కూర్చుని అప్పజెప్పాడు. ఏ మాటకు గొంతు దించాలో, ఏ మాటకు వేలు చూపాలో, ఏ మాట తర్వాత ఉలుకూ పలుకూ లేకుండా కళ్లలోకి చూస్తూ ఉండాలో అన్నీ చెప్పింది. ఒకటి రెండు మాటలకు అర్థం అడిగాడు.

“అర్థం నాకు తెల్వది. గని గీ మాట పడ్డదంటే ఎసొంటి కోపమైనా సల్లవడుతది. ఫికర్ జెయ్యకు. నా కండ్లతోని సూసిన,” అంది.

బుధవారం కంపెనీ గదిలోకి పోయేసరికి గుంటూరు మేనేజరు లేచి అటూ ఇటూ పచార్లు చేస్తున్నాడు. ముందు వచ్చినవాడు ‘ఇస్టాంపు’ అన్నాడని వాడిని అనుకరించి చూపిస్తున్నాడు. నాగపూర్ సేటు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. కంపెనీలో వాటా ఉన్న ప్రేమ్‌సాగర్‌రావు చేతిలో అంతయ్య దరఖాస్తు ఉంది.

“వాట్టీజ్ యువర్ క్వాలిఫికేషను?” అన్నాడు మేనేజరు.

అంతయ్యకు చదివిందంతా ఎగిరిపోయింది. మూట కళ్ల ముందు కదిలింది. దాని వెనకే ఇసుర్రాయి చప్పుడు వినిపించింది. మెడ నిటారుగా పెట్టాడు.

“సిట్ డౌన్, ఓల్డ్ చాప్.”

మేనేజరు కూర్చున్నాడు. కూర్చున్నాక, ఎందుకు కూర్చున్నానా అన్నట్టు కుర్చీ వంక చూసుకున్నాడు.

సేటు ఏదో అనబోయాడు. అంతయ్య వేలు చూపించాడు. “నాట్ ఎనదర్ సౌండ్ ఫ్రమ్ యూ.” సేటు నోరు మూసుకున్నాడు.

ప్రేమ్‌సాగర్‌రావు దరఖాస్తు ఇంకా పట్టుకునే ఉన్నాడు. “డ్రాపిట్,” అన్నాడు అంతయ్య, గొంతు దించి. కాగితం బల్ల మీద పడింది.

ఆ ముగ్గురూ వయసులో ఉన్నప్పుడు దొరల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డవాళ్లే. ఆ యాస చెవిన పడి పదేళ్లు అవుతోంది. ప్రేమ్‌సాగర్‌రావు చెయ్యి దానంతట అదే కోటు గుండీ పెట్టుకుంది.

“దట్సే గుడ్ ఫెలో,” అని అంతయ్య ముగించాడు. ఆమె నేర్పిన పాఠం అక్కడికి అయిపోయింది.

మేనేజరు మెల్లగా తెలుగులోకి దిగాడు. ఇంత చక్కటి ఇంగ్లీషు ఎవరి దగ్గర నేర్చుకున్నారని అడిగాడు. మా అవ్వ నేర్పిందని అంతయ్య ఉన్నమాట చెప్పాడు. వాళ్ల అమ్మగారే అంతటివారైతే ఏ పెద్ద ఖాన్‌దానో అనుకుని ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. సోమవారం వచ్చి చేరమన్నారు. గుమ్మం దాకా సాగనంపుతూ సేటు, రోజూ సాయంత్రం ఒక గంట తమ ముగ్గురికీ ఆ మాటలు నేర్పగలరా అని బతిమాలాడు.

ఇంటికి వచ్చేసరికి బాలవ్వ గడపలో ఉంది. కొడుకు ముఖం చూసింది. లోపలికి పోయి మూట ముడికి పళ్లు పెట్టింది. బిగిసిన ముడి, ఎంతకూ రాలేదు. వచ్చాక చొక్కాలు ఒక్కొక్కటే దులిపి దండెం మీద వేసింది.

అంతయ్య జరిగిందంతా చెప్పాడు. చెబుతూ నవ్వాడు.

“అవ్వా, గా దొర దొరసానితోని గింత ముద్దుగ మాట్లాడుతుండెనా?”

చివరి చొక్కా దండెం మీద సర్దుతూ బాలవ్వ అంది, “దొరసానితోని ఏం మాట్లాడుతుండెనో నాకేమెరుక బిడ్డా, పదకొండేండ్లు నేను సూసుకున్నది దొర కుక్కను.”