కలలో ఇంటర్వ్యూ

ఆ రోజుల్లో వీసా ఇంటర్వ్యూలు కలలోనే జరిగేవి. నిద్రలో మనిషి అబద్ధమాడలేడని కాన్సులేట్ల నమ్మకం. కువైట్‌లో ఏళ్ల తరబడి నైట్ డ్యూటీలు చేసిన నర్సు సువార్త, నేర్చుకొచ్చిన జవాబులు వల్లించుకుంటూనే కాన్సులేట్ హాల్లో వేసిన మంచం మీద కళ్లు మూసుకుంది.

కలలో వరిచేను మీద మంచు కురుస్తోంది. గట్టు మీద కూర్చున్న అధికారిణి మెల్లగా అడిగింది.

"మా దేశం ఎందుకు రావాలనుకుంటున్నారు?"

ముసలివాళ్లకు సేవ చేయడానికని చెప్పబోయింది సువార్త. నోరు మాత్రం వేరే మాట అంది.

"రాత్రిపూట నిద్రపోవాలనుందండీ. మీ దగ్గర పగటి డ్యూటీలు ఇస్తారంట గదా."

వీసా పోయినట్టేననుకుంది. అధికారిణి చేలోంచి నడిచి వెళ్లిపోయింది. మంచు కురుస్తూనే ఉంది, వెచ్చగా.

సువార్త కళ్లు తెరిచేసరికి సాయంత్రమైంది. హాల్లో మంచాలన్నీ ఖాళీ. పక్కన కూర్చున్న తెలుగు ఆయా నవ్వింది.

"వీసా పొద్దున్నే ఇచ్చేశారమ్మా. నిన్ను లేపొద్దని మేడమ్ గారు చెప్పి వెళ్లారు."